జవాబు రాని మొర: 88వ కీర్తనలో విశ్వాస స్వరూపం

ఉపోద్ఘాతం

హీబ్రూ బైబిల్లోని 150 గీతాల సంపుటికి 'తెహిల్లీమ్' అని పేరు. ఆ మాటకు స్తుతులని అర్థం. తెలుగు అనువాదకులు దీనిని 'కీర్తనల గ్రంథము' అన్నారు. కీర్తన అనే మాటలోనూ గుణగానమే ప్రధానార్థం కాబట్టి పేరు చక్కగా కుదిరింది. చిక్కల్లా గ్రంథం లోపలికి వెళ్ళిన తరవాతే మొదలవుతుంది. జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ ఈ గీతాలను ప్రక్రియలవారీగా వర్గీకరించినప్పుడు అన్నిటికంటే పెద్ద వర్గంగా తేలినవి వ్యక్తిగత విలాపాలు. స్తుతులనే పేరు పెట్టుకొన్న పుస్తకంలో మొరలే ఎక్కువ. ఈ వైరుధ్యాన్ని మన సంఘాల బోధ అంతగా పట్టించుకోలేదు.

ప్రార్థనకు జవాబు రాకపోతే విశ్వాసి ఏం చేయాలనే ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానాలు మూడు. విశ్వాసం చాలలేదు; దాచిన పాపం ఏదో ఉంది; జవాబు ఆలస్యమైనా తప్పక వస్తుంది. బిడ్డను పోగొట్టుకొన్న ఒక ఇంట జరిగిన ఆదరణ కూడికలో ఈ మూడింటినీ ఒకే ప్రసంగంలో విన్నాను. మార్కు 11:24, యాకోబు 1:6 ప్రసంగీకుడికి ఆధారాలు. ఆ వాక్యాలు గ్రంథంలో లేవని ఎవరూ అనలేరు. అయితే అదే గ్రంథంలో 88వ కీర్తన కూడా ఉంది. ఆ తల్లి పక్షాన మాట్లాడగల గీతం అదొక్కటే అని ఆనాడు నాకు తోచింది. ఈ వ్యాసం ఆ గీత నిర్మాణాన్ని పరిశీలిస్తుంది. ప్రార్థన ఫలించనప్పుడు విశ్వాసం ఏ రూపంలో నిలుస్తుందో ఆ నిర్మాణమే చెబుతుందని నా ప్రతిపాదన.

విలాప ప్రక్రియ, దానిలోని మలుపు

విలాప కీర్తనకు ఒక స్థిరమైన నడక ఉంది. మొదట దేవుని సంబోధన, తరవాత బాధ నివేదన, ఆపై విన్నపం, చివర నమ్మిక ప్రకటనో స్తుతి చేస్తాననే మొక్కుబడో ఉంటాయి. 13వ కీర్తన దీనికి చిన్న నమూనా. ఆరు వచనాల ఆ గీతంలో ఎంతకాలమనే ప్రశ్న మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు వస్తుంది. అయిదో వచనానికి వచ్చేసరికి స్వరం మారి ఉల్లాసంలోకి వెళుతుంది. 22వ కీర్తనలోనూ అంతే; సగం దాటాక విలాపం సమాజ మధ్యంలో స్తోత్రంగా మారుతుంది.

ఈ మలుపు ఇంత హఠాత్తుగా ఎందుకు వస్తుంది? గుంకెల్ మరణానంతరం ఆయన గ్రంథాన్ని పూర్తిచేసిన యోఆఖిమ్ బెగ్రిఖ్ 1934లో ఒక ఊహను ప్రతిపాదించాడు. విలాపానికీ స్తుతికీ నడుమ ఆలయంలో యాజకుడు దేవుని పక్షాన అభయవాక్కు పలికేవాడని, ఆ వాక్కు గీతపాఠంలోకి ఎక్కలేదని ఆయన వాదన. ఈ ఊహ అందరికీ సమ్మతం కాలేదు. అయినా విమర్శకు ఇది చాలా ఉపయోగపడుతుంది. ఎందుకంటే ఇది ఒక ప్రశ్నను మిగిల్చింది: యాజకుడు ఏమీ పలకని రోజున గీతం ఎలా ముగుస్తుంది?

దానికి ఉదాహరణ 88వ కీర్తన. ఇందులో మలుపు లేదు. 39వ కీర్తన కూడా దిగులుతోనే ముగుస్తుంది కాని, దాని నడుమ నిరీక్షణను తెలిపే మాట ఒకటి ఉంది. ఇక్కడ ఆ మాత్రమూ లేదు.

మూడు మొరలు

పద్దెనిమిది వచనాల ఈ గీతంలో మొర మూడుసార్లు మొదలవుతుంది. మొదటి వచనంలో పగలూ రాత్రీ, తొమ్మిదో వచనంలో దినమెల్లా, పదమూడో వచనంలో ఉదయాన. హీబ్రూలో ఈ మూడుచోట్లా మూడు వేర్వేరు క్రియలున్నాయి: త్సాఅక్, కారా, షివ్వా. పిలవడానికి భాషలో ఉన్న మాటలన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయోగించి చూస్తున్నట్టు ఉంటుంది. ప్రతి మొర తరవాతా పాఠకుడు జవాబు కోసం ఎదురుచూస్తాడు. వచ్చేది మాత్రం మరింత చీకటి. చీకటి అనే ధాతువు ఆరో వచనంలో, పన్నెండో వచనంలో, చివరి వచనంలో పునరావృతమవుతుంది. హీబ్రూ పాఠంలో గీతపు ఆఖరి పదం అదే.

ఆ ఆఖరి వాక్యం వ్యాకరణరీత్యా సందిగ్ధం. పరిచితులను చీకటిలోకి తొలగించావని ఒక అన్వయం. నాకు మిగిలిన పరిచితులు చీకటే అని మరొకటి. పాత తెలుగు బైబిలు రెండో అన్వయాన్ని తీసుకొని, పరిచితులు అనే చోట 'బంధువర్గం' అనే మాట వాడింది. ఈ ఎంపికను ప్రత్యేకంగా గుర్తించాలి. హీబ్రూ పదానికి ఎరిగినవారు అనే అర్థమే ఉంది. రక్తసంబంధం అందులో తప్పనిసరి కాదు. తెలుగు సమాజంలో చావు కబురు విని మొదట వచ్చి కూర్చునేది బంధువర్గం. ఆ స్థానంలో చీకటి వచ్చి కూర్చున్నదని చెప్పడంతో అనువాదం మూలం కంటే ఒక అడుగు ముందుకు వేసింది. దీనిని స్వేచ్ఛ అనడం కంటే సరైన వినికిడి అనడం న్యాయం.

గీతం ఏం అడుగుతుంది? ఇతర విలాపాల్లో విడిపించు, స్వస్థపరచు, శత్రువులను సిగ్గుపరచు అనే విన్నపాలు దండిగా ఉంటాయి. ఇక్కడ స్పష్టమైన విన్నపం ఒక్క రెండో వచనంలోనే ఉంది: ప్రార్థన నీ సన్నిధికి చేరనీ, చెవి ఒగ్గు. అంటే వినమని అడగడం తప్ప మరేమీ అడగలేదు. పది నుంచి పన్నెండు వరకున్న వచనాల్లోని ప్రశ్నలు కూడా వాదనలే కాని విన్నపాలు కావు. మృతులకు అద్భుతాలు చేస్తావా, సమాధిలో నీ కృపను ఎవరు వివరిస్తారు, మరపు రాజ్యంలో నీ నీతి తెలుస్తుందా అని గీతకర్త నిలదీస్తాడు. నన్ను పోగొట్టుకొంటే నిన్ను స్తుతించే నోరొకటి పోతుందన్న ధ్వని ఇందులో ఉంది.

శత్రువు లేని విలాపం

విలాపాల్లో సాధారణంగా మూడు పక్షాలుంటాయని క్లాస్ వెస్టర్‌మన్ చూపాడు: దేవుడు, బాధితుడు, శత్రువు. 88వ కీర్తనలో మూడో పక్షం లేదు. గోతిలో దించినవాడు, ఉగ్రతను మోపినవాడు, నెళవరులను దూరం చేసినవాడు, ముఖం చాటువేసినవాడు, అన్నిచోట్లా కర్త 'నీవే'. యోబు గ్రంథంలోలాగా సాతానును అడ్డుపెట్టే కథాచట్రం ఇక్కడ లేదు. పాపపు ఒప్పుకోలు లేదు. నేను నిర్దోషినన్న వాదమూ లేదు. కాబట్టి పైన చెప్పిన మూడు సమాధానాల్లో మొదటి రెండింటికీ ఈ గీతంలో ఎక్కడా చోటు దొరకదు. విశ్వాసం చాలని మనిషి యవ్వనం నుంచీ బాధపడుతూ (15వ వచనం) ఇంకా ఉదయాన్నే లేచి మొరపెడతాడా?

ఈ గీతంలో నమ్మిక ఎక్కడుందన్నది విమర్శకుల పాత ప్రశ్న. చాలామంది మొదటి వచనంలోని సంబోధనను చూపుతారు. అక్కడ దేవుణ్ణి తన రక్షణకు కర్తగా పిలిచాడు కదా అని. అయితే ఆ పాఠం మీదే కొందరు పండితులకు అనుమానం ఉంది. 1952 నాటి ఆంగ్ల సవరణానువాదం ఆర్.ఎస్.వి. అక్షరాలను కొద్దిగా సర్ది, రక్షణ అనే మాటను తీసివేసి, సహాయం కోసం పిలుస్తున్నానని మార్చింది. 1989లో వచ్చిన దాని తరవాతి సవరణ మళ్ళీ సంప్రదాయ పాఠానికే వచ్చింది. తెలుగు బైబిలు సంప్రదాయ పాఠాన్నే అనుసరించింది. నా అభిప్రాయంలో నమ్మికను ఆ ఒక్క పదబంధం మీద నిలబెట్టడం బలహీనమైన వాదన. ఆ మాట లేకపోయినా గీతం ప్రార్థనగానే ఉంటుంది. కారణం మధ్యమ పురుష. తొలి వచనం నుంచి చివరి వచనం దాకా గీతకర్త దేవుణ్ణి 'నీవు' అనే అంటున్నాడు. ఎక్కడా 'అతడు' అనలేదు. నాస్తికుడు దేవుణ్ణి గురించి మాట్లాడతాడు. ఈ మనిషి దేవునితో తగవు పడుతున్నాడు.

సంబోధన అన్నది ప్రక్రియలోని ఆనవాయితీ మాత్రమేనని, దానిని విశ్వాసంగా చదవడం అతివ్యాప్తి అని ఒక ఆక్షేపణ రావచ్చు. అది ఆనవాయితీయే. అయితే తనకంటూ మాటలు మిగలని మనిషికి ఆనవాయితీ ఇచ్చే ఆధారం చిన్నది కాదు. శీర్షికను గమనించండి: కోరహు కుమారుల గీతం, ప్రధాన గాయకునికి అప్పగించినది, ఎజ్రాహీయుడైన హేమాను రచన. ఒక ఒంటరి మనిషి మొర బృందగానానికి చేరింది. ఎవరో దానికి రాగం కట్టారు, ఎవరో పాడారు. దేవుడు బదులివ్వలేదని చెప్పిన గీతాన్ని సమాజం తన ఆరాధనలో భద్రపరచింది. క్రైస్తవ సంఘమూ దాన్ని వదులుకోలేదు. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం శుభ శుక్రవారం సాయంకాలానికి దీనిని నియమించింది. రోమన్ కతోలిక సంప్రదాయంలో ప్రతి శుక్రవారం నిద్రకు ముందటి ప్రార్థనలో ఇదే కీర్తన. వారానికోసారి, బాధ ఉన్నవారూ లేనివారూ కలిసి ఈ మొర పెట్టాలన్నది ఆ నియమంలోని ఉద్దేశం కావచ్చు.

నిందాస్తుతితో పోలిక, ఆ పోలిక హద్దులు

తెలుగు పాఠకుడికి ఇక్కడ నిందాస్తుతి వెంటనే గుర్తుకు వస్తుంది. దేవుణ్ణి నిలదీసే భక్తి మనకు కొత్త కాదు. కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో పాడినట్టు ప్రసిద్ధమైన కీర్తనల్లో 'ఇక్ష్వాకు కులతిలక' సాటిలేనిది. ఏ నగకు ఎంత ఖర్చు పెట్టానో లెక్క చెప్పి, రాముణ్ణి దెప్పి, దెబ్బలకు తాళలేక తిట్టానని చివర మన్నింపు వేడుకొంటాడు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును నిలదీసిన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో నింద తరచు స్తుతికి వేసిన ముసుగే. ఆలంకారికులు చెప్పే వ్యాజస్తుతి అది.

పోలిక ఎంత ఆకర్షణీయమో తేడాలు అంత ముఖ్యం. రామదాసు దగ్గర లెక్కల పుస్తకం ఉంది, ఇచ్చినవాడిగా అడుగుతున్నాడు. హేమాను దగ్గర ఏ లెక్కా లేదు. రామదాసు నింద వెనక్కి తీసుకొంటాడు, హేమాను తీసుకోడు. అన్నిటికంటే పెద్ద తేడా శ్రోత వైపు నుంచి వస్తుంది. రామలక్ష్మణులు సేవకుల వేషంలో వెళ్ళి తానీషాకు పైకం చెల్లించిన కథ తెలియని తెలుగు శ్రోత లేడు. అందువల్ల రామదాసు మొరను మనం జవాబు తెలిసిన చెవులతో వింటాం. దానిలోని దుఃఖం కథ ఒడిలో సేదదీరుతుంది. 88వ కీర్తనకు అలాంటి ఐతిహ్యం అల్లుకోలేదు. దాన్ని వినే చెవులకు ఏ జవాబూ ముందుగా తెలియదు.

గెత్సేమనే, పౌలు ముల్లు

జవాబు రాని ప్రార్థనకు క్రైస్తవ ప్రసంగాల్లో తరచు చూపే ఉదాహరణ 2 కొరింథీయులు 12లోని పౌలు ముల్లు. అది సరైన ఉదాహరణ కాదు. పౌలు మూడుసార్లు వేడుకొన్నాడు, జవాబు వచ్చింది. అది నిరాకరణే అయినా దానిలో కృప చాలునన్న భరోసా ఉంది. నిరాకరణ ఒక మాట. మౌనం మాట కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే మౌనంలో ఉన్నవారికి మన ఓదార్పు అతకదు.

సరైన ఉదాహరణ మార్కు సువార్తలోని గెత్సేమనే. ఈ సువార్తలో పరలోకం నుంచి తండ్రి స్వరం రెండుసార్లు వినబడుతుంది: బాప్తిస్మ సమయంలో (1:11), రూపాంతరపు కొండ మీద (9:7). రెండుచోట్లా ప్రియకుమారుడన్న ధ్రువీకరణే. గెత్సేమనేలో గిన్నెను తొలగించమని కుమారుడు వేడుకొన్నప్పుడు ఆ స్వరం రాదు. శిలువ మీద 22వ కీర్తన మొదటి మాటలతో మొరపెట్టినప్పుడూ రాదు. లూకాలో బలపరచే దూత ఒకడు కనబడతాడు (22:43) కాని, ఆ వచనం కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేదు. మార్కు కథనంలో మాత్రం నిద్రపోతున్న శిష్యులు తప్ప ఎవరూ లేరు. మొర మధ్యమ పురుషలోనే సాగింది. జవాబు రాలేదు. తండ్రీ అన్న పిలుపూ ఆగలేదు.

వాల్టర్ బ్రూగ్‌మన్ 1986లో రాసిన ఒక వ్యాసంలో విలాపాన్ని పోగొట్టుకొన్న ఆరాధన దేవునితో నిజమైన సంభాషణనే పోగొట్టుకొంటుందని వాదించాడు. మొరపెట్టే హక్కు లేని మనిషికి స్తుతించడమో నేరం మోయడమో రెండే దారులు మిగులుతాయి. ఆదరణ కూడికలో ఆ తల్లికి మిగిలినవి అవే. ఆమె చేత 13వ కీర్తన చదివించినా ముగింపులోని ఉల్లాసం ఆమెపై మరో భారమే అయ్యేది. 88వ కీర్తన చదివి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆమె మౌనాన్ని అవిశ్వాసంగా తీర్పు తీర్చే వీలు మాత్రం ప్రసంగీకుడికి ఉండేది కాదు.

సంకలనకర్త చేసిన పని గురించి ఒక్క మాట చెప్పవలసి ఉంది. 88:11లో కృప, విశ్వాస్యత అనే జంట ప్రశ్నగా వస్తుంది: సమాధిలో వాటిని ఎవరు చెబుతారని. దాని పక్కనే, మరో ఎజ్రాహీయుడైన ఏతాను పేర ఉన్న 89వ కీర్తన అదే జంటను పాడతానంటూ మొదలవుతుంది. అది జవాబేమో అనిపిస్తుంది. కాని దావీదుతో చేసిన నిబంధన భంగమైందన్న వేదనలోకి ఆ గీతమూ దిగి, 49వ వచనంలో అదే జంటతో, ఆ పూర్వపు కృపలు ఎక్కడని అడుగుతుంది. ఆ తరవాత కీర్తనల మూడో స్కంధం ముగుస్తుంది. ముగింపుగా సంకలనకర్త చేర్చింది యెహోవాకు స్తోత్రం, ఆమేన్ అనే ఒక చిన్న వచనం. ప్రశ్నకూ ఆమేన్‌కూ నడుమ అతడు ఏ వివరణా రాయలేదు.