గ్రేప్‌ఫ్రూట్ హెచ్చరిక: ఏ మందుకు? ఎందుకు?

థైరాయిడ్ మాత్రలు వాడేవారు గ్రేప్‌ఫ్రూట్ తినరాదని, తింటే మందు రక్తంలో పేరుకుపోయి ప్రమాదం తెస్తుందని ఆరోగ్య శీర్షికలు తరచు హెచ్చరిస్తుంటాయి. వేరే మందుల విషయంలో అక్షరాలా నిజమైన సంగతిని తెచ్చి ఈ మందుకు అతికించడమే ఇందులోని లోపం.

ముందు పండు సంగతి చూద్దాం. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు. ద్రాక్షలా గుత్తులుగా కాస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. మాటకు మాట అనువదిస్తే అది కాస్తా ద్రాక్షపండైపోతుంది. పాపం, రోగి నిక్షేపంలాంటి ద్రాక్షను మానుకుంటాడు! నిజానికిది నిమ్మజాతి ఫలం. పంపర పనసకూ తీపి నారింజకూ సంకరంగా, 18వ శతాబ్దంలో వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవిలో పుట్టింది. మందులతో పేచీ పెట్టే ఫ్యూరనోకౌమరిన్లు అనే రసాయనాలు దీనిలోనూ, పంపర పనసలోనూ ఉంటాయి. తీపి నారింజ వర్గానికి చెందిన మన సాత్‌గుడి బత్తాయికి ఈ గొడవ లేదు.

ఈ పేచీ బయటపడింది అనుకోకుండానే. కెనడాలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందుపై మద్యం ప్రభావాన్ని పరిశీలిస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపింది. రక్తంలో మందు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువగా కనిపించింది. 1989లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కారణం తర్వాత తెలిసింది. పేగు గోడలోని సి.వై.పి. 3ఏ4 అనే ఎంజైము కొన్ని మందులను రక్తంలోకి చేరకముందే కొంతమేర విచ్ఛిన్నం చేస్తుంది. ఫ్యూరనోకౌమరిన్లు ఆ ఎంజైమును కోలుకోలేనంతగా దెబ్బతీస్తాయి. పేగు కొత్త ఎంజైమును తయారుచేసుకోవడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది. కాబట్టి పొద్దున రసం తాగి రాత్రి మాత్ర వేసుకున్నా తప్పించుకోలేం.

మరి థైరాయిడ్ మాత్ర? అందులోని లీవోథైరాక్సిన్ మన థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోనే. శరీరం ప్రధానంగా దాని అయోడిన్ పరమాణువులను ఒక్కొక్కటిగా తొలగించే ఎంజైములతో దాన్ని మార్చుకుంటుంది. 3ఏ4కు ఇక్కడ చెప్పుకోదగ్గ పాత్ర లేదు. అలాంటప్పుడు మందు పేరుకుపోవడమెలా?

2005లో ఫిన్లాండ్ పరిశోధకులు 10 మంది ఆరోగ్యవంతులకు గ్రేప్‌ఫ్రూట్ రసంతో ఒకసారి, నీళ్ళతో ఒకసారి 600 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ ఇచ్చి చూశారు. రసంతో ఇచ్చినప్పుడు రక్తంలో హార్మోను గరిష్ఠ స్థాయి పెరగలేదు సరికదా, 11 శాతం తగ్గింది. మర్నాడు కొలిచిన టి.ఎస్.హెచ్.లో మాత్రం తేడా లేదు. నెలల తరబడి మందు వాడే రోగులపై, ఒక్క మోతాదుతో ముగియకుండా చేసిన ప్రయోగమైతే మరింత నమ్మకంగా మాట్లాడగలిగేవాళ్ళం. అమెరికాలో ఈ మందుతో ఇచ్చే సమాచార పత్రం కూడా, గ్రేప్‌ఫ్రూట్ రసం మందు శోషణను ఆలస్యం చేసి తగ్గించవచ్చనే అంటుంది. తగ్గవచ్చని పత్రం చెబుతుంటే, పెరుగుతుందని మన శీర్షికలు భయపెడుతున్నాయి!

పోనీ, జాగ్రత్త చెబితే నష్టమేమిటి అనవచ్చు. నష్టముంది. మన బజారులో అరుదుగా దొరికే పండు మీద దృష్టి పెట్టించి, ఇంట్లో రోజూ జరిగే పొరపాటును ఈ సలహా మరుగుపరుస్తోంది. కాల్షియం, ఐరన్ మాత్రలు పేగులోనే లీవోథైరాక్సిన్‌ను పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. కాఫీతో మింగినా శోషణ తగ్గుతుంది. అందుకే పరగడుపున, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు, మంచినీళ్ళతో వేసుకోమంటారు. గర్భిణుల విషయం మరీ ముఖ్యం. వాళ్ళకు ఐరన్, కాల్షియం మాత్రలు ఎలాగూ ఇస్తారు. తొలి నెలల్లో గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాక్సిన్ తల్లి నుంచే అందాలి. మూడు మాత్రలూ ఒకే గుక్కలో మింగే తల్లికి ఏ పండు మానాలో చెప్పి ఊరుకుంటే ఎలా?

థైరాయిడ్ మాత్రతోపాటు కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ కూడా వాడేవారు మాత్రం గ్రేప్‌ఫ్రూట్ మానాల్సిందే. అది సిమ్వాస్టాటిన్ కోసం. ఆ మందును విచ్ఛిన్నం చేసేది 3ఏ4 ఎంజైమే.