కుడితి తొట్టిలో సమతూకం

కొత్తపేట చుట్టుపక్కల పలివెల, వానపల్లి, అవిడి, మోడేకుర్రు వంటి ఊళ్లలో పాడి గేదె మేత ఒక్కచోటు నుంచి రాదు. వరిచేను గడ్డినిస్తుంది, మిల్లు తవుడూ చిట్టూ ఇస్తుంది, గానుగ నుంచి కొబ్బరిచెక్క, తెలగపిండి వస్తాయి, కోతయిన చేలో పెరిగిన పిల్లిపెసర పచ్చిమేతవుతుంది. బియ్యం కడుగు, కూరగాయల తొక్కలు, కాస్త ఉప్పు వీటికి తోడు. చేతికందినదేదో పశువు ముందు పడేసే పద్ధతిగా దీన్ని చూసేవారున్నారు. కానీ ఒక దినుసులోని లోటును మరో దినుసు పూడ్చేలా తరాల అనుభవం కూర్చిన ఆహారమిది. ఈ కూర్పులో ఒక్కటి జారిపోయినా, మిగిలినవి ఎంత పెంచి పెట్టినా ఆ లోటు తీరదు. మన పాడికి ఇప్పుడు ఎదురవుతున్న చిక్కుల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది.

ముందు ఎండుగడ్డి సంగతి చూద్దాం. పీచును అరిగించే శక్తి గేదెకు సొంతంగా లేదు. దాని పెద్దపొట్టలో కాపురముండే లెక్కలేనన్ని సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. కాబట్టి గేదెను మేపడమంటే ముందు వాటిని మేపడమే. నెమరు సాగాలన్నా, లాలాజలం ఊరాలన్నా, పాలలో వెన్న నిలవాలన్నా గడ్డి ఉండి తీరాలి. అయితే వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా అరగదు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. మాంసకృత్తులు అందక సూక్ష్మజీవులు నీరసిస్తే గడ్డి పొట్టలోనే నిలిచిపోతుంది, గేదె మేత తగ్గిస్తుంది. ఆ లోటును తీర్చడానికే పిల్లిపెసర. కోతకు కొద్ది రోజుల ముందు, చేలో తడి ఆరకముందే విత్తనం చల్లుతారు. దుక్కి లేదు, వేరే తడి అక్కర్లేదు. వరి కోసేసరికి మొలకకు ఎండ తగులుతుంది. పప్పుజాతి మొక్క కాబట్టి మాంసకృత్తులు, కాల్షియం రెండూ వరిగడ్డిలో కన్నా ఎన్నో రెట్లు ఉంటాయి. వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి, మేపగా మిగిలినది దున్నేస్తే చేనికి ఎరువవుతుంది. మంచు తడి ఆరని లేతమేతను ఒంటిగా మేపితే కడుపు ఉబ్బరిస్తుందని తెలిసిన రైతు దాన్ని ఎండుగడ్డితో కలిపే వేస్తాడు. ఆ కలపడంలో రెండింటి దోషాలూ తగ్గి, రెండింటి గుణాలూ నిలుస్తాయి.

కుడితిలోనూ ఇదే తూకం కనిపిస్తుంది. తవుడు బలమిస్తుంది, కానీ అందులో భాస్వరం మెండు, కాల్షియం అతి తక్కువ. లీటరు గేదె పాలలో సుమారు 1.8 గ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు ఎనిమిది లీటర్లిచ్చే గేదె ఒంట్లోంచి 14 గ్రాములకు పైగా బయటికి పోతున్నట్టు. మేతలో అది దొరక్కపోతే ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. ఈనిన గేదె పాలజ్వరంతో కూలబడిందంటే రక్తంలో కాల్షియం పడిపోయిందన్నమాట. మిగతా చెక్కలతో పోలిస్తే తెలగపిండిలో కాల్షియం బాగా ఎక్కువ. కొబ్బరిచెక్కలో ఇరవై శాతం దాకా మాంసకృత్తులు, కొంత నూనె ఉంటాయి. అంబాజీపేట కొబ్బరికి పేరున్న ఈ సీమలో అది దగ్గర్లో దొరికే సరుకే. తేమకు తొందరగా మక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగా తెచ్చుకుని, నానబెట్టి కలపాలి.

సంచుల్లో వచ్చే దాణా ఉండగా ఈ శ్రమంతా ఎందుకన్నది మొదటి అభ్యంతరం. మంచి దాణాలో ఖనిజాలు కలిపే ఉంటాయి, దాని ఉపయోగాన్ని కాదనలేం. అయితే అది చెక్కకూ తవుడుకూ బదులవుతుందే తప్ప గడ్డికి బదులు కాలేదు. పీచు తగ్గి పిండిపదార్థం పెరిగితే పొట్ట పులుస్తుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపలకొద్దీ తిన్న పశువులు ప్రాణాల మీదికి తెచ్చుకునేది ఇందుకే. పైగా జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు చేపట్టిన ఆహార సమతుల్య కార్యక్రమం కూడా ఊళ్లో దొరికే మేతలనే లెక్కగట్టి, తక్కువ ఖర్చులో తూకం కుదర్చమంటుంది. పాత తొట్టికి శాస్త్రం ఇచ్చిన మద్దతుగానే దీన్ని నేను చూస్తాను.

పాతకాలపు మేతతో పాలెన్ని వచ్చేవన్నది రెండో ప్రశ్న. ఇందులో నిజముంది. ఎక్కువ పాలిచ్చే ముర్రా గేదెకు గుప్పెడు తవుడు చాలదు. ఒంటి పోషణకిచ్చేది కాక, ప్రతి రెండు లీటర్ల పాలకూ కిలో దాణా లెక్కన ఇవ్వాలి. వేసవిలో కాలువలు కట్టేశాక పచ్చిమేత కరువైతే కాల్షియమూ కరువవుతుంది. పాత పద్ధతికి ఉన్న అసలు బలహీనత ఇదే. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాన్ని సరిచేస్తుంది. అంత చిన్న సవరణతో తీరే లోపానికి మొత్తం పద్ధతినే వదులుకోవడం తగదు.

మూడో అభ్యంతరం బరువైనది. చేలు చెరువులయ్యాయి, కోతయంత్రం వచ్చాక గడ్డి చేలోనే చెల్లాచెదురవుతోంది, యంత్రం చక్రాల కింద పిల్లిపెసర మొలకలు నలుగుతున్నాయి. ఇవన్నీ నిజాలే. కానీ కోనసీమకు కొబ్బరితోటలున్నాయి. నీడను ఓర్చుకునే గినీగడ్డి చెట్ల మధ్య పెరుగుతుంది, గట్ల మీద అవిశ పెరుగుతుంది. చేలో పడిన గడ్డిని వానకు తడవకముందే యంత్రంతో కట్టలు కట్టించవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి పొరలుపొరలుగా చల్లి, గాలి చొరకుండా మూసి 21 రోజులు మాగబెడితే మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. ఆరు నెలలు నిండని దూడలకు మాత్రం అది పెట్టకూడదు.

పశువైద్యశాలలూ పాల కేంద్రాలూ రైతుకు దాణా సంచి గురించి చెప్పినంత శ్రద్ధగా పిల్లిపెసర విత్తనం గురించీ చెప్పాలి, కోతల వేళకు దాన్ని అందుబాటులో ఉంచాలి. కొన్న మేత మీదే ఆధారపడిన పాడి, సంచి ధర పెరిగిన ప్రతిసారీ రైతు కష్టార్జితాన్ని కరిగిస్తుంది. చేనూ తోటా గానుగా కలిసి పెట్టే మేతతో ఆ ఖర్చులో ఎంతో భాగం ఊళ్లోనే మిగులుతుంది, ఆ మేత పేడగా మారి తిరిగి అదే చేనికి చేరుతుంది. కొత్తపేట పాడిని నిలబెట్టాలనుకునేవారు మొదట కాపాడుకోవలసింది ఈ తూకాన్నే.