ఉమ్మడి యోగాభ్యాస క్రమము : ఒక పరిశీలన

నల్లమల కొండల పాదమున, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున మహానంది క్షేత్రమున్నది. ఇచ్చటి కోనేటి నీరు ఏడాది పొడవున ఒకే మట్టమున నిలిచి, అడుగు కనిపించునంత తేటగా ఉండును. పొర్లి పారిన నీరు చుట్టుపట్ల పొలములకు, అరటితోటలకు పోవును. యాత్రికుడు మూడు మునకలు వేసి తన దారిన పోవును. తోటలలో పనిచేయువారు మాత్రము పొద్దు పొడిచినది మొదలు నడుము వంచి కలుపు తీయుదురు. గెలలు నరికి తలపైనో భుజముపైనో మోయుదురు. నడుమునొప్పి, మోకాళ్లనొప్పి వారికి నిత్యము ఉన్నవే. నంద్యాల బజారులో రోజంతయు దుకాణమున కూర్చుండువాని బాధలు వేరు: రక్తపీడనము, మధుమేహము, నిద్రలేమి. ఈ ఇరువురకును నేడు వినవచ్చు సలహా ఒక్కటే: “యోగము చేయుడు.” ఆ సలహాలో ఎంత సత్యమున్నది? దానిని పాటింపదలచిన వానికి తన ఊరిలో ఏమి దొరకును? ఇవి విచారింపదగిన ప్రశ్నలు.

ఈ విచారణకు ఆధారముగా ఒక చిన్న పుస్తకము కలదు. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. 2015లో జరిగిన మొదటి దినోత్సవము కొరకు కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ యోగనిపుణులచేత ఒక ఉమ్మడి క్రమమును సిద్ధపరచి, ‘కామన్ యోగా ప్రోటోకాల్’ అను పేరుతో ప్రచురించినది. అది తరువాత 45 నిముషముల పాఠముగా స్థిరపడినది. దేశమంతటను బడులలో, కార్యాలయములలో, మైదానములలో చెప్పబడుచున్నది ఎక్కువగా ఈ క్రమమే. 2025 మే 21 నుండి జూన్ 21 వరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘యోగాంధ్ర’ పేరిట నెలరోజుల ఉద్యమమును నడపినది. చివరి దినమున విశాఖ సముద్రతీరమున 3 లక్షలకు మించిన జనము ఒకేసారి ఆసనములు వేయగా, అది గిన్నిస్ రికార్డుల కెక్కినది. ఇంతమంది చేతికి అందిన పుస్తకము గనుక దాని గుణదోషముల నెంచుట అవసరము.

పుస్తకములోని మేలు

మొట్టమొదట మెచ్చుకొనవలసినది దాని కూర్పు. ప్రార్థనతో ఆరంభించి, మెడ, నడుము, మోకాళ్లను సడలించు కదలికలు చెప్పుదురు. తరువాత నిలుచుండి చేయు తాడాసన, వృక్షాసన, పాదహస్తాసన, త్రికోణాసనములు. కూర్చుండి చేయు భద్రాసన, వజ్రాసన, శశాంకాసనములు. బోరగిలపడి చేయు భుజంగాసన, శలభాసనములు. వెల్లకిల పరుండి చేయు సేతుబంధ, పవనముక్తాసనములు వరుసగా వచ్చును. శవాసనముతో దేహమునకు విశ్రాంతి నొసగి, పిదప కపాలభాతి, నాడీశోధన, శీతలి, భ్రామరి, ధ్యానములతో పాఠము ముగియును. సులభము నుండి కఠినమునకు, చలనము నుండి నిశ్చలతకు నడచు ఈ వరుస శరీరధర్మమునకు తగినది.

తలక్రిందుగా నిలుచు శీర్షాసనమును ఇందు చేర్చకపోవుట మరియొక వివేకము. ఆ ఆసనము వేసినపుడు కంటిలోని ఒత్తిడి సుమారు రెట్టింపగునని చెన్నైలో యోగాభ్యాసకులపై జరిగి 2006లో వెలువడిన పరిశోధన తెల్పినది. నీటికాసుల వ్యాధి గలవారికి ఇది ప్రమాదము. అంతేకాదు, ఆసనములకు హెచ్చరికలు కూడ ఈ పుస్తకమున కలవు. మోకాలి నొప్పి గలవారు వజ్రాసనమును మానవలెను. కడుపుపై శస్త్రచికిత్స జరిగినవారు కొంతకాలము భుజంగాసనము జోలికి పోరాదు. గుండెజబ్బు, రక్తపుపోటు, మూర్ఛ, వరిబీజము గలవారు కపాలభాతి చేయరాదు. కాని ఈ హెచ్చరికలు పుస్తకముననే మిగిలిపోవుచున్నవి. వేలమంది కూర్చున్న మైదానమున, వేదికపై నుండి చెప్పు గురువునకు ఎవరి మోకాలు ఎట్టిదో తెలియు ఉపాయము లేదు.

ఫలముల పట్టికలోని లోపము

పుస్తకమున విమర్శింపదగిన భాగము ప్రతి ఆసనము క్రిందను ఇచ్చిన ప్రయోజనముల పట్టిక. పరీక్షకు నిలిచిన మాటయు, పూర్వాచారముగా వచ్చిన మాటయు ఒకే గొంతుతో పలుకబడినవి. వృక్షాసనము నిలకడను పెంచుననుట సులభముగా గ్రహింపవచ్చును; ఒంటికాలిపై నిలుచుట నేర్చిన కండరములు తూలిపోకుండ కాపాడును. కాని భుజంగాసనము కడుపులోని క్రొవ్వును తగ్గించుననుట వేరు మాట. శరీరము తనకు కావలసిన ఇంధనమును పనిచేయు కండరమునకు ప్రక్కనున్న క్రొవ్వునుండియే తీసికొనదు. దేహమంతటనుండి రక్తముద్వారా తెచ్చుకొనును. పొట్ట వంచినంతమాత్రమున పొట్ట కరగదు.

ఇట్టిదే వేదికలపై తరచుగా వినిపించు మరియొక వాక్యము: “దీర్ఘశ్వాసచే రక్తము ప్రాణవాయువుతో నిండును.” ఆరోగ్యవంతుని రక్తములోని ఎఱ్ఱకణములు మామూలు శ్వాసలోనే నూటికి 95 పాళ్లకు పైగా ప్రాణవాయువును మోయుచున్నవి. దానికి చేర్చదగినది అత్యల్పము. దీర్ఘశ్వాస వలని మేలు వేరొకచోట నున్నది. నిముషమునకు 15 సారులు ఆడు ఊపిరిని 6 సారులకు తెచ్చినపుడు శ్వాస, గుండె వేగము, రక్తపీడనము వీనిలోని హెచ్చుతగ్గులు ఒక లయకు వచ్చును. గుండెను నిదానింపజేయు నాడి చురుకగును. జపము చేయువారి శ్వాసయు ఇంచుమించు ఈ లయకే వచ్చునని ఇటలీ శాస్త్రజ్ఞులు 2001లో చూపిరి. కారణము సరిగా తెలిసిన అభ్యాసమునకు గౌరవము పెరుగునే గాని తరుగదు.

యోగమును పరీక్షకు పెట్టుట అపచారమని తలచుటకు వీలులేదు. ఈ దేశముననే ఆ పని 100 ఏండ్ల క్రిందట మొదలైనది. స్వామి కువలయానంద 1924లో లోనావళాలో కైవల్యధామమును స్థాపించి, ఆసన ప్రాణాయామములను ప్రయోగశాలలో కొలిచెను. యోగులు గుండెను ఆపగలరను వాదమును వెంగర్, బాగ్చి, ఆనంద్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు పరీక్షించి, 1961లో ఫలితములను ప్రకటించిరి. ఊపిరి బిగబట్టి రొమ్ములోని ఒత్తిడిని పెంచినపుడు గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గును. నాడి చేతికి అందదు, చప్పుడు చెవికి వినబడదు. కాని విద్యుల్లేఖనమున గుండె కొట్టుకొనుచునే యున్నట్లు తేలినది.

పరీక్షకు నిలిచినదేమి?

నడుమునొప్పి విషయమున సాక్ష్యము మెరుగుగా నున్నది. దీర్ఘకాలపు నడుమునొప్పిపై జరిగిన 12 ప్రయోగములను, అందు పాల్గొన్న 1,080 మందిని కలిపి చూచిన కోక్రేన్ సమీక్ష 2017లో వెలువడినది. ఏ వ్యాయామము చేయనివారికంటె యోగము చేసినవారు మూడు, ఆరు నెలల తరువాత కొంత తేలికగా పనులు చేసికొనగలిగిరి. ఇతర వ్యాయామములకంటె యోగము మిన్న యని మాత్రము తేలలేదు. కొందరికి నొప్పి హెచ్చినమాటయు ఆ సమీక్ష దాచలేదు. ఉబ్బసముపై 2016లో వచ్చిన సమీక్ష 15 ప్రయోగములను చూచి, రోగుల బ్రతుకు కొంత సుఖపడినట్లు తెల్పినది.

భారతదేశమున 24 ఆసుపత్రులలో గుండెపోటు వచ్చిన 3,959 మందిపై జరిగిన పెద్ద ప్రయోగము ఫలితములు 2020లో ప్రకటింపబడినవి. యోగమునకు వచ్చినవారిలో మరణములు, మరల గుండెపోటులు స్పష్టముగా తగ్గినట్లు నిరూపణ కాలేదు. కాని వారు తమ పూర్వపు పనులకు మెరుగుగా తిరిగి పోగలిగిరి. తరగతులలో మూడు వంతులైనను హాజరైనవారికి మేలు అధికముగా కనిపించినది. శ్రద్ధగా వచ్చువారు ఇతర విషయములలోను ఆరోగ్యమును చూచుకొనువారై యుండవచ్చును గనుక ఈ చివరి మాటను జాగ్రత్తగా తీసికొనవలెను. అయినను వీనినుండి తేలునది స్పష్టము: యోగమువలని మేలు నిజమైనది, మితమైనది, విడువని అభ్యాసముతో ముడివడినది.

ఈ మితమును మరచినచోట ప్రాణహాని పొంచియున్నది. “ఆసనములు వేయుచున్నాను గదా” యని చక్కెరవ్యాధి మాత్రలను, రక్తపుపోటు మాత్రలను తనంతట తాను మానివేయువానికి నొప్పి వెంటనే తెలియదు. మూత్రపిండములు, కంటి నరములు, మెదడులోని రక్తనాళములు లోలోపల చెడుచుండును. అతిశయోక్తి చెప్పిన వేదిక మరునాటికి ఎత్తివేయబడును. దాని ఫలము రోగి ఇంట మిగులును.

మహానంది కూలికి తగిన పాఠము

ఈ పుస్తకమున వేరొక లోపము కలదు. కుర్చీలో కూర్చుండు దేహమునకును, చేనులో వంగు దేహమునకును ఒకే పాఠము చెప్పుట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిముషముల మధ్యరకపు శ్రమను విధించినది. ఈ క్రమమును వారమునకు 5 దినములు చేసినచో 225 నిముషములగును. కాని నెమ్మదిగా చేయు ఆసనములు చాలవరకు తేలిక శ్రమయే. కావున దుకాణదారునకు ఆసనములతోబాటు చురుకైన నడకయు కావలెను. కలుపు తీయు స్త్రీకి శ్రమ కొదవ లేదు. ఆమెకు కావలసినది వంగిన నడుమును వెనుకకు చాచుట, భుజములను విప్పుట, విశ్రాంతి. రోజంతయు ముందునకు వంగిన ఆమెచేత మరల పాదహస్తాసనమును చేయించుటకంటె అర్ధచక్రాసన, సేతుబంధ, మకరాసన, శవాసనములను నిదానముగా చేయించుట మేలు.

వేళ విషయమును కూడ ఆలోచింపవలెను. వేసవిలో నంద్యాల ప్రాంతమున ఎండ 44, 45 డిగ్రీలకు పోవును; ఎండ పొడ తగలకముందే పాఠము ముగియవలెను. కాని ఆ వేళకే కూలివారు పొలమునకు బయలుదేరుదురు. వారికి సాయంకాలపు తరగతియే గతి. ఖాళీ కడుపున లేక తేలిక కడుపున చేయవలెనని పుస్తకము చెప్పుచున్నది. ఇన్సులిన్ తీసికొనువారు ఉపవాసముతో రాక వైద్యుని అడిగి రావలెను.

తరగతిని వెదకుట, ఎంచుట

జాతీయ ఆయుష్ మిషన్ క్రింద ఎంపికయిన ఆయుష్ వైద్యశాలలను ఆరోగ్య కేంద్రములుగా మార్చి, అచ్చట పార్ట్‌టైము యోగ శిక్షకులను పెట్టు పద్ధతి కలదు. 2023 నుండి వీనికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములని పేరు. పురుష శిక్షకునకు నెలకు 32, స్త్రీ శిక్షకురాలికి 20 పాఠములని ఆ పథకపు నిబంధన. కావున వెదకువాడు మొదట తనకు దగ్గరి ఆయుష్ వైద్యశాలను, గ్రామ సచివాలయమును అడుగవలెను. శిక్షకుల అర్హతను పరీక్షించుటకు ఆయుష్ మంత్రిత్వశాఖ 2018లో యోగ సర్టిఫికేషన్ బోర్డును ఏర్పరచినది. ఆ పత్రమున్నదా యని అడుగుట తప్పుగాదు.

పత్రముకంటె ముఖ్యమైనది తరగతిలోని నడత. మంచి శిక్షకుడు మొదటి దినముననే రోగములను, శస్త్రచికిత్సలను, గర్భమును గూర్చి అడుగును. మోకాళ్లు వంగనివారిని కుర్చీపై కూర్చుండనిచ్చును. నొప్పి కలిగినచో ఆపుమనును. మాత్రలు మానుమని ఎన్నడును చెప్పడు. రోగము కుదుర్చుదునని సొమ్ము అడుగువాడు, అందరిచేతను ఒకే ఆసనమును బలవంతముగా వేయించువాడు విడువదగినవారు.

యోగము ఈ సీమకు కొత్త గాదు. ఇదే నల్లమలలోని శ్రీశైలము సిద్ధులకు నెలవు. 15వ శతాబ్దిలో గౌరన ‘నవనాథచరిత్ర’ను రచించినది ఆ క్షేత్రపు మఠాధిపతి కోరికపైననే. ఆనాటి యోగులు కోరినది సిద్ధి, ముక్తి. నేటి రైతు కోరునది నొప్పి లేని నడుము, నిద్ర పట్టు రాత్రి. ఈ కోరిక చిన్నది కాదు. యోగి యను పేరు పొందిన వేమన మనసు కుదరని బాహ్యాడంబరమును ఎద్దేవ చేసినవాడేయని కూడ ఈ సీమ మరువరాదు.

ఒకనాటి జడివాన చెరువు కట్టను తెంచి పోవచ్చునే గాని పంటను పండింపదని రాయలసీమ రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. తడి నిలకడగా అందిననే మొలక నిలుచును. ఉమ్మడి క్రమము మంచి విత్తనము. ప్రయోజనముల పట్టికలో పరీక్షకు నిలిచిన మాటలను వేరుచేసి, శ్రమజీవులకు ప్రత్యేకమైన పాఠము నొకదానిని చేర్చినచో ఇంకను మంచిదగును. మైదానములోని తలలను లెక్కించుటకంటె, జూన్ 22వ తేదీన ఎన్ని ఊళ్లలో తరగతి తలుపు తెరచి యున్నదో, ఆరు నెలల తరువాత ఎందరు వచ్చుచున్నారో లెక్కించుట మేలు. యోగదినపు విలువను తేల్చునది ఆ లెక్కయే.