వీణ మీద గమకం

వీణకు ప్రాణం గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, లాగుతూ పలికించడం. వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు, మైనంలో పొదిగిన మెట్లు 24. మెట్టు మీద తీగను నొక్కి మీటితే స్వరం పలుకుతుంది. అదే తీగను మెట్టు మీదే పక్కకు లాగితే బిగువు పెరిగి పై స్వరాలు వస్తాయి. అలా ఒక్క మీటుకు రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. నాదం ఆరిపోయేలోగా వేలు ఆ పని ముగించాలి.

ఎంత లాగాలో రాగమే చెబుతుంది. తోడిలో గాంధారం ఊగాలి; శంకరాభరణంలో అది దాదాపు నిలకడగా ఉండాలి. అన్ని స్వరాలనూ ఒకేలా ఊపితే రాగం చెడుతుంది. మీటు సంగతీ అంతే. పాట తెలిసిన వైణికులు సాహిత్యంలో అక్షరం పడే చోట మీటి, దీర్ఘాన్ని లాగుడుతో నడుపుతారు. అందుకే వారి వీణ పాడినట్టు వినిపిస్తుంది.

ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు ఈ విద్యలో సిద్ధహస్తులు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ మీద కోయిల కూతను కూడా పలికించారు. వేగం సాధనతో చేతికి వస్తుంది. భావం పలకాలంటే చెవి కూడా పండాలి. వీణ నేర్చేవారు ముందు పాట నేర్చుకోవడం మేలు.