ఎడారి బస్సుకి డ్రైవర్లు కావలెను

ఎనిమిది గంటలు బస్సు నడిపితే ఒక్క పాయింటు. ‘డెజర్ట్ బస్’ అనే వీడియోగేమ్‌లో దక్కే బహుమానం అంతే. అరిజోనాలోని టూసాన్‌లో బయల్దేరి నెవాడాలోని లాస్ వేగాస్ చేరాలి. బస్సు గంటకు 45 మైళ్లు, మన లెక్కలో 72 కిలోమీటర్లు, దాటదు. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. మధ్యలో ఆపి అన్నం తినొద్దామంటే పాజ్ లేదు. దారిలో చెప్పుకోదగ్గ సంఘటన ఏమిటయ్యా అంటే, సగం దాటాక ఎక్కడో ఒక పురుగు వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది.

దీన్ని తలపెట్టింది పెన్ అండ్ టెల్లర్ అనే అమెరికన్ ఇంద్రజాలికుల జోడీ. 1993లో వీడియోగేముల్లో హింస మీద అమెరికా సెనేట్‌లో విచారణలు జరిగాయి. పిల్లలు చెడిపోతున్నారని ఊరంతా గగ్గోలు. నిజజీవితం లాంటి సాధువైన ఆట కావాలా, ఇదిగో తీసుకోండి అని వీళ్ల వెటకారం. 1995లో సెగా సీడీ కోసం తయారైన ‘స్మోక్ అండ్ మిర్రర్స్’లో ఇదొక ముక్క. డిస్కు అంగడికి రాకముందే దాన్ని అమ్మాల్సిన కంపెనీ మూతపడింది. సమీక్షలకని ముందే పంపిన ప్రతుల పుణ్యమా అని ఆట బతికి, పదేళ్ల తర్వాత నెట్‌లో తేలింది.

నేనూ అప్పుడప్పుడు నడుపుతుంటాను. ఎనిమిది గంటలూ కాదులెండి, ఓపికున్నంతసేపు. దీని పనితనమంతా స్టీరింగ్‌లో ఉంది. బస్సు ఎప్పుడూ కొద్దిగా కుడికి లాగుతుంది. ఆ లాగుడే లేకపోతే బటన్‌కి టేపు అంటించి పడుకోవచ్చు. ఎడమకి ఒక్కసారి తట్టాలి, ఊరుకోవాలి, మళ్లీ తట్టాలి. ఏమరి ఇసుకలోకి దిగామా, ఇంజన్ పోతుంది. ఇంకో బండి వచ్చి మనల్ని వెనక్కి టూసాన్‌కి ఈడ్చుకెళ్తుంది, అదీ తాపీగా, వచ్చినంతసేపూ. విసుగు పుట్టించడానికి ఇంత శ్రద్ధ పెట్టిన ఆటను నేను వేరే చూడలేదు. కాసేపటికి చూపు రోడ్డు అంచున నిలుస్తుంది, వేళ్ల పని వేళ్లు చూసుకుంటాయి, మనసు ఇంటి లెక్కల్లోకి వెళ్లిపోతుంది. మంచె మీద కూర్చుని చేను కాసేవాడి స్థితి ఇది: చేసేదేమీ లేదు, లేచి పోవడానికీ లేదు.

2007లో కెనడాలోని విక్టోరియా నగరానికి చెందిన ‘లోడింగ్‌రెడీరన్’ అనే హాస్యబృందం ఈ బస్సుని పట్టుకుంది. జనం చందాలిచ్చినంతకాలం నడుపుతాం అన్నారు. ఆ డబ్బు ‘చైల్డ్స్ ప్లే’ సంస్థ ద్వారా ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల ఆటవస్తువులకు వెళ్తుంది. మొదటి గంట ధర ఒక డాలరు. తర్వాత గంట గంటకూ 7 శాతం పెంపు. అంటే చక్రవడ్డీ. దాని సంగతి అప్పు చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు: నూరో గంట ఒక్కదానికే దాదాపు 811 డాలర్లు, నూరు గంటలకూ కలిపి 12 వేల పైచిలుకు. వంతులేసుకుని రాత్రింబవళ్లు నడిపారు. పక్కనున్నవాళ్లు పాటలు పాడారు, చందాదారులు కోరిన వేషాలు వేశారు. అది ఏటా జరిగే జాతర అయిపోయింది. చూసేవాళ్లలో బస్సు మీద ధ్యాస ఉన్నవాళ్లు ఎందరో అనుమానమే, కానీ బస్సు ఆగితే జాతర లేదు.

‘నిజజీవితం లాంటి ఆట ఎవడికి కావాలి’ అన్న ఎగతాళికి మన కుర్రాళ్ల ఫోన్లలోనూ జవాబుంది. 2017లో మాలియో అనే సంస్థ తెచ్చిన ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’లో బస్సుకి ఎవరి రంగులు వాళ్లు వేసుకోవచ్చు. ఆ రంగుల తొడుగుని లివరీ అంటారు. ఆర్టీసీ బస్సుల లివరీలు గీసి పంచుకునే తెలుగు పిల్లలున్నారు. పేలేది లేదు, కూలేది లేదు. వాళ్ల పట్టింపంతా పల్లెవెలుగు పక్కన గీత ఎంత ఎత్తులో ఉండాలన్నదాని మీదే.

మా బంధువుల కుర్రాడొకడు ఈ కళలో ఆరితేరాడు. వాడికి డెజర్ట్ బస్ చూపించాను. ఎనిమిది గంటలన్న మాట వాడికి వింతగా తోచనేలేదు. నైట్ సర్వీసు అంతేగా అన్నాడు. కుడికి లాగుతోందంటే, అలైన్‌మెంట్ చేయించాలన్నాడు.

“ప్యాసింజర్లు ఎక్కడ ఎక్కుతారు బాబాయ్?”

ఎక్కరురా అని చెప్పాను.

“మరి డిపోలోంచి ఎందుకు తీసినట్టు?”