పిండి పడని చిక్కదనం: మన సీమ కోడిచారు

సీమ కోడిచారు చిక్కగా ఉంటుంది. గరిటెతో తీసి వంచితే నీళ్లలా జారిపోదు, గరిటె వెనకవైపు పలచటి పొర కట్టి నిలుస్తుంది. ఆ చిక్కదనంలో మైదా లేదు, మొక్కజొన్న పిండి లేదు, డబ్బా క్రీము లేదు. తోలుతో ఉడికిన ఎముక, బండ మీద నూరిన ముద్ద, తగ్గించిన మంట, ఈ మూడే ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్లలో దీన్ని కాచే చేతులను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను. తెలుగునాట దీన్ని మించిన కోడివంట లేదన్నది నా గట్టి నమ్మకం. నెల్లూరు వాళ్లు, గుంటూరు వాళ్లు కోప్పడినా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను.

ఈమధ్య అందరికీ పిండిపదార్థమంటే భయం పట్టుకుంది. చక్కెర జబ్బు లేని ఇల్లు అరుదైపోయింది కాబట్టి ఆ భయంలో న్యాయం ఉంది. వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి తెలుగునాట మారుమోగిన రోజుల్లో అన్నం తగ్గించి సూపు తాగడం చాలామంది అలవాటు చేసుకున్నారు. మంచిదే. కానీ హోటల్లో తాగిన సూపు రుచే మనసులో పెట్టుకుని పొట్లం పొడి కొని నీళ్లలో కలిపినవాళ్లూ ఉన్నారు. ఆ పొడిలో చిక్కదనం తెచ్చేది చాలావరకు మొక్కజొన్న పిండే, అంటే కార్న్‌ఫ్లోరే. 100 గ్రాముల మొక్కజొన్న పిండిలో 90 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అన్నం మానేసి గంజి తాగినట్టయింది!

మన చారు లెక్క వేరు. ఇందులో చిక్కదనానికి నూరి వేసేవి శెనక్కాయ విత్తనాలు, ఎండుకొబ్బరి, గసాలు. 100 గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో పిండిపదార్థం 16 గ్రాములు, అందులో సగం పీచే. మాంసకృత్తులు 25 గ్రాములు, సగానికి దగ్గరగా నూనె. ఎండుకొబ్బరిలో దాదాపు మూడింట రెండొంతులు కొవ్వు. కోడిమాంసంలో పిండిపదార్థం లేదనే చెప్పాలి. పైగా ఒక కోడికి మనవాళ్లు వేసేది గుప్పెడు విత్తనాలు, చిన్న కొబ్బరి ముక్క. ఆరుగురు పంచుకుంటే గిన్నెకు ఎంత వస్తుందో మీరే చూసుకోండి. సూపు చిక్కదనానికి క్రీము డబ్బా కోసం పట్నం అంగళ్లు తిరిగేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ.

పని కోడిని ఎంచుకోవడంతో మొదలవుతుంది. కూరకైతే లేత పుంజు, చారుకైతే గుడ్లకొచ్చిన పెట్ట అంటారు మా వైపు. కిలో, కిలోంబావు తూగితే చాలు. మా మేనత్త సంతలో కోడిని రెండు రెక్కలూ కలిపి పట్టుకుని, బొటనవేలితో ఎద ఎముక కింది కొనను నొక్కేది. కొన వంగితే లేతది, వంగకపోతే ముదురు. ఆ తర్వాత కాళ్ల పొలుసులు నిమిరేది. చివరకు తోక కింద ఈకలు ఊది తోలు చూసేది. పసుప్పచ్చటి కొవ్వు కనబడితేనే బేరం మొదలు. అమ్మేవాళ్లు ఆమెను చూడగానే మంచి కోడిని వెనక నుంచి తీసి ఇచ్చేవాళ్లు, వాదించి లాభం లేదని వాళ్లకూ తెలుసు. ఆమె కొన్న కోడి చారు పలచబడ్డం నేనెన్నడూ చూడలేదు.

ఈకలు పీకిన కోడికి పసుపు రాసి ఎండు కంప మంట మీద అన్ని వైపులా తిప్పి కాల్చాలి. నూగు మాడుతుంది, తోలు బిగుస్తుంది, సన్నటి పొగ వాసన పడుతుంది. ఆ తోలు తీస్తే చారులో సగం పోయిందన్నమాటే. తోలులో, కాళ్లలో, మెడలో, కీళ్ల దగ్గర కొల్లాజెన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. సన్నటి మంట మీద గంటకు పైగా ఉడికితే అది జెలటిన్‌గా మారి చారులో కలుస్తుంది. తాగినప్పుడు పెదవులకు తగిలే జిగురు దానిదే. అనుమానముంటే ఒక గిన్నెడు చారు ఫ్రిజ్‌లో పెట్టి తెల్లారి చూడండి, గడ్డకట్టి ఉంటుంది. తోలు తీసిన మెత్తటి తునకలతో కాచింది అట్లా గడ్డకట్టదు.

తునకలు చిన్నవిగా, ఎముకతో కొట్టించాలి. కాళ్లు, మెడ, రెక్కల కొనలు, కందనకాయ ఏదీ పారేయకూడదు. శెనక్కాయ నూనెలో ఎర్రగడ్డలు మగ్గాక తునకలు, పసుపు, ఉప్పు వేసి, చుక్క నీళ్లు పోయకుండా వేయించాలి. కోడి తన నీళ్లు తానే వదులుతుంది. అవన్నీ ఇంకి, నూనె పైకి తేలి, గిన్నె అడుగు గోధుమరంగుకు తిరిగేదాకా ఓపిక పట్టాలి. ఈ పదిహేను నిమిషాలు దాటవేసినవాళ్లు తర్వాత ఎన్ని మసాలాలు గుమ్మరించినా లాభం లేదు. ఆపైన కారం వేసి, కిలో కోడికి రెండు లీటర్ల మరిగే నీళ్లు పోసి, పొంగు వచ్చాక మంట తగ్గించాలి. నాటుకోడికి గంటన్నర పడుతుంది. కుక్కర్ వాడేవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల ఇళ్లలో పనులు నాకూ తెలుసు. అయితే తునకలు ఉడికేదాకానే కుక్కర్. మసాలా ముద్ద అందులో వేసి మూత పెడితే అడుగంటుతుంది, ఆ మాడు వాసన ఇక పోదు.

అసలు విద్య బండ దగ్గర ఉంది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక ఇంట్లో, మగ్గం చప్పుడు వినబడే వంటగదిలో, ఒక అవ్వ మసాలా నూరడం నేను దగ్గరగా కూర్చుని చూశాను. ముందు దోరగా వేయించిన ధనియాలు రెండు చెంచాలు, రెండు చెక్క ముక్కలు, నాలుగు లవంగాలు, తడి తగలకుండా పొడి చేసింది. దాని మీద ఎండుకొబ్బరి. కొబ్బరి నూనె వదిలి పొడిని దగ్గరకు లాక్కుంటుంది. మూడోది, వేడినీళ్లలో అరగంట నానిన గసాలు ఒక చెంచా. అన్నిట్లోకీ గసాలే కష్టం. గింజ మరీ చిన్నది, రాయి కింద నుంచి జారిపోతుంది. అవ్వ ఎడమచేతి వేళ్లు నీళ్లలో ముంచి చిలకరించిందే గానీ ఒక్కసారి కూడా పోయలేదు. నీళ్లు ఎక్కువైతే గసాలు నలగవు, తేలిపోతాయంది. నల్లటి బండ మీద ముద్ద కొద్దికొద్దిగా తెల్లబడింది. గరగరమంటున్న రాయి చప్పుడు తగ్గుతూ తగ్గుతూ వినబడకుండా పోయింది. అప్పుడు వేయించి పొట్టు తీసిన శెనక్కాయ విత్తనాలు గుప్పెడు వేసింది. ఆఖర్న తెల్లగడ్డ, అల్లం, నిప్పుల మీద కాల్చి పైపొర తీసిన ఎర్రగడ్డ.

అంతటితో అయిపోలేదు. ముద్ద కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసింది. "పలుకుంది నాయనా" అని మళ్లీ బండ మీదకే వేసింది. నేను రాసి చూస్తే నాకు ఏమీ తగల్లేదు. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు. నా వేలికి అందని పలుకును ఆమె వేలు పట్టేసింది. ఏ పాకశాస్త్ర కళాశాల ఈ వేలికి పట్టా ఇస్తుంది?

మిక్సీ బ్లేడు కోస్తుంది, రాయి నలుపుతుంది. నలిగినప్పుడే గింజ లోపలి నూనె బయటికొచ్చి నీటితో కలిసి పాలలా తెల్లటి ముద్ద అవుతుంది. మిక్సీ తప్పనివాళ్లు గసాలను, విత్తనాలను బాగా నానబెట్టి, తక్కువ నీళ్లతో, ఆపి ఆపి తిప్పితే చాలావరకు దగ్గరకు రావచ్చు. ఒక్కసారిగా గిర్రున తిప్పితే ముద్ద వేడెక్కి నూనె విడిపోతుంది.

ఈ ముద్దను నేరుగా మరిగే చారులో వేయకూడదు. రెండు గరిటెల వేడి చారు ముద్దలోకే పోసి, కలిపి, పలచన చేసి, ఆ తర్వాత సన్నటి ధారగా గిన్నెలోకి వదలాలి. ఇక పొంగు రానివ్వకూడదు. అంచుల వెంబడి చిన్న బుడగలు లేస్తుంటే చాలు, ఇరవై నిమిషాలు. గింజల్లోని మాంసకృత్తులు, ఎముక జెలటిన్ కలిసి నూనె బొట్లను విడివిడిగా పట్టి ఉంచుతాయి. క్రీములాంటి నునుపు వచ్చేది అందువల్లే. మంట పెంచితే ఆ పట్టు తప్పుతుంది, చారు విరిగి నూనె ఒకవైపు, నీళ్లు ఒకవైపు అవుతాయి. పెనుకొండ వైపు పెళ్లిళ్లకు వండే ఒక పెద్దాయన ఉన్నాడు. గుండిగ నిండా చారు కాగుతుంటే దూరంగా బీడీ కాలుస్తూ కూర్చుంటాడు. ఉన్నట్టుండి "పచ్చివాసన పోయింది, కట్టెలు లాగండిరా" అంటాడు. నాలుక మీద చుక్క వేసుకోడు. కుర్రాళ్లు కట్టెలు లాగి రుచి చూస్తే అంతా సరిగ్గా కుదిరి ఉంటుంది. ఒకటి కాదు, ఎన్నో పెళ్లిళ్లలో ఇది నా కళ్లారా చూశాను.

పులుపు ఆఖరిది. ఉసిరికాయంత చింతపండు, అంతకు మించి వద్దు. హిందూపురం మార్కెట్‌కు వచ్చే కరిపులి రకం చింతపండు ఒక్క రెబ్బ చాలు. ఆ మార్కెట్ చింతపండుకూ మిరపకూ పేరుబడ్డది ఊరికే కాదు. దించాక కొత్తిమీర, కరివేపాకు. జీడిపప్పు, పాలమీగడ వేసేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్లు వండేది ఇంకేదో వంట.

ఇది ఎప్పటిదంటే, రాయలవారి కాలందని పెద్దలంటారు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చారు కాబట్టి వాళ్ల వంటవాళ్లూ వచ్చే ఉంటారని మా ఊరి వాదన. మిరపకాయ, శెనక్కాయ రెండూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే, కాబట్టి అప్పటి చారులో కారం మిరియాలదే కావచ్చు. బాలింతలకు ఇప్పటికీ మిరియాలు, తెల్లగడ్డ దట్టించి కాచి ఇచ్చే ఇళ్లు ఉన్నాయి.

ఊరూరికీ పద్ధతి మారుతుంది. హిందూపురం, మడకశిర వైపు కన్నడగాలి ఉంది, పచ్చి టెంకాయ చేయి ఎక్కువ, చారు కాస్త పలచన, పక్కన రాగిముద్ద. నేను తిన్న ధర్మవరం ఇళ్లలో శెనక్కాయదే పెత్తనం. కదిరి పరిశోధన కేంద్రం పేరున కదిరి-6 లాంటి శెనక్కాయ రకాలు పుట్టిన నేల ఇది, మన చారులో శెనక్కాయ కాక ఇంకేం రుచిస్తుంది? నా ఓటు ధర్మవరానికే. హిందూపురం బంధువులు ఏటా పండక్కి నాతో ఈ గొడవ పెట్టుకుంటారు, నేను తగ్గను.

రాగిసంగటి లేకుండా చారేమిటని కొందరికి కోపం రావచ్చు. సంగటి మీద నాకూ ప్రేమే. అయితే రాగిపిండిలో 100 గ్రాములకు 70 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంది. చక్కెర ఉన్నవాళ్లు ముందు పెద్ద గిన్నెడు చారు తాగి, తునకలు నమిలి, ఆకలి మిగిలితే చిన్న ముద్ద తీసుకోవచ్చు. మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మార్చే ముందు డాక్టరును అడగాలి.

ఇప్పుడు కడుపుమంట సంగతి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాటి పెనుకొండ వైపు వస్తుంటే అడుగడుగునా ఒకటే బోర్డు: నాటుకోడి, రాగిసంగటి. 2019లో అక్కడ కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ దారిన తినేవాళ్లు పెరిగారు, బోర్డులూ పెరిగాయి. అలాంటి ఒక హోటల్లో నాకు పెట్టిన చారులో మొక్కజొన్న పిండి జిగట పళ్లకు అంటింది, రంగు వేలికి అంటింది. గసాలు లేవు, కొబ్బరి లేదు. అడిగితే "అందరూ ఇట్లే చేస్తారు సార్" అన్నాడు వడ్డించేవాడు. నాటుకోడి పేరుతో పెట్టింది ఏడాదిన్నర గుడ్లు పెట్టి అలిసిపోయిన ఫారం కోడి. ఎముక గట్టిగా ఉంటే నాటుకోడే అనుకుని నమ్మేవాళ్లున్నంత కాలం ఈ మోసం సాగుతుంది.

సంతలోనూ అంతే. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన గిరిరాజ, హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజ, గ్రామప్రియ, ఇవన్నీ పల్లె ఇళ్లకు నాలుగు రూపాయలు రావాలని పుట్టించిన రకాలు. ఆ కోళ్ల తప్పేమీ లేదు. వాటి పేరుతో వాటిని అమ్మితే నమస్కారం పెట్టి కొంటాను. రంగు ఈకలు చూపించి నాటుకోడి ధర లాగడమే దొంగతనం. ఫారం బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది. పెరట్లో తిరిగే పెట్టకు అందులో సగం తూగడానికే నెలలు పడుతుంది. ఆ నెలల తిండి, కాపలా, గద్ద భయం అన్నీ పెంచే అమ్మ మీద పడతాయి. పక్కనే నకిలీ సగం ధరకు దొరుకుతుంటే ఆమె ఎన్నాళ్లు పెంచుతుంది? మా ఊళ్లో పదేళ్ల కింద ప్రతి ఇంటి ముందూ గంప కింద కోళ్లుండేవి. ఇప్పుడు గంపలు అటకెక్కాయి.

బండలూ పోతున్నాయి. కొత్త ఇళ్లు కట్టేటప్పుడు నూరే బండను పునాదిలో పడేసినవాళ్లను నేనెరుగుదును. ఆ బండతో పాటు ముద్ద మెత్తదనం తెలిసిన వేళ్లూ పోతున్నాయి. ఆ ధర్మవరం అవ్వ మనవరాళ్లు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తారు, తెలివైన పిల్లలు. ఒక్కరైనా ఒక సెలవుకు వచ్చి ఆమె పక్కన కూర్చుని కొలతలు రాసుకోవాలని ఎన్నిసార్లు చెప్పానో.

అందుకే చదివేవాళ్లను అడుగుతున్నాను. కోడి కొనేటప్పుడు తోలు తీయొద్దనండి, కాళ్లూ మెడా కూడా ఇమ్మనండి. పల్లెలో పెంచేవాళ్ల దగ్గరే కొనండి, వాళ్లు చెప్పిన ధరకు మరీ గీసి గీసి బేరమాడకండి. ఇంట్లో బండ ఉంటే ఉంచుకోండి. హోటళ్లవాళ్లకు నా మనవి ఒక్కటే: మొక్కజొన్న పిండి కలుపుకుంటే కలుపుకోండి, అమ్ముకోండి, కానీ బోర్డు మీద సీమ కోడిచారు అని మాత్రం రాయకండి.