కంపు పుట్టేది తొట్టిలోనే

యానాం వైశాల్యం 30 చదరపు కిలోమీటర్లే. గాలి కాస్త తిరిగితే కంపు పుదుచ్చేరి పాలనలోంచి ఆంధ్రాలోకి వెళ్లిపోతుంది. ఇటు తాళ్లరేవు వైపు, గౌతమి దాటితే అటు కోనసీమ వైపు రొయ్యల చెరువులు. కాబట్టి ఇక్కడ రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీల మురుగు కంపు గురించి మాట్లాడాలంటే రొయ్యతోనే మొదలుపెట్టాలి.

రొయ్య బరువులో సగానికి దగ్గరగా తలా పొట్టూ ఉంటాయి. ఒలిచి కడిగిన నీళ్లలో మాంసకృత్తులు దండిగా చేరతాయి. ఆ నీళ్లు ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి కేంద్రం) తొలి తొట్టిలో గాలాడకుండా నిలవున్నాయా, ప్రాణవాయువు అక్కర్లేని సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. తీరంలో ఉప్పునీటి పాలు ఎక్కువ. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. దాన్ని ఆ సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. కుళ్లిన కోడిగుడ్డు కంపు అదే. వంద కోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లున్నా ముక్కు పసిగడుతుంది. పది లక్షలకు వంద పాళ్లు చేరితే మాత్రం ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన రావట్లేదు కదా అని మూసిన తొట్టిలోకి దిగకూడనిది అందుకే.

భీమవరం దగ్గర తుందుర్రు ఆక్వా పార్కు ఇలాంటి మురుగుతో తమ గొంతేరు డ్రెయిన్‌ను పాడుచేస్తుందని 2016లో చుట్టుపక్కల ఊళ్లు ఆందోళనకు దిగాయి. వ్యర్థజలాలను పైపులైన్‌లో సముద్రానికి పంపుతామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. పైపు నీటిని దూరం చేస్తుంది, సరే. తొట్టిలో కుళ్లడాన్ని ఎలా ఆపుతుంది?

పని తెలిసినవాడు కంపును గాల్లో వెంటాడడు. తలలూ పొట్టూ జల్లెడ దగ్గరే తీసి ఆ రోజే పంపేస్తాడు. తొట్టిలోకి గాలి ఊదే బ్లోయర్‌ను ఆగనివ్వడు, బురదను నిలవుంచడు. సున్నంతో పీహెచ్ 8 దాటిస్తే సల్ఫైడ్ చాలామటుకు నీళ్లలోనే ఉండిపోతుంది. ఇనుప లవణం కలిపితే నల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. అప్పటికీ మిగిలితే తొట్టి మూసి, లోపలి గాలిని లాగి, సూక్ష్మజీవులు పెరిగే తడి పరుపు గుండా పంపాలి. ఈ పద్ధతికి అమెరికాలో రిచర్డ్ పొమరాయ్ 1957లోనే పేటెంట్ తీసుకున్నాడు. పరుపుకు కొబ్బరి పీచు పనికొస్తుంది, కోనసీమలో దానికేం కొదవ? సెంటు చిమ్మే యంత్రాలూ అమ్ముతారు గానీ, ఆ డబ్బు బ్లోయర్ కరెంటుకు పెట్టడం మేలు.

రాత్రిపూట గాలి స్తంభించి కంపు నేలనంటుకునే ఉంటుంది. బిల్లుకు భయపడి ఆ వేళ బ్లోయర్ కట్టేస్తే తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోతుంది. అప్పుడు యానాం వాళ్లు పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీకీ, పొరుగున తాళ్లరేవు వాళ్లు ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ఫిర్యాదు పెట్టుకోవాలి, ఒకే కంపు మీద.